పెళ్లిలో ఫ్లాష్‌కి చెయ్యి అడ్డుపెట్టిన సంగతి

శ్రీవారికి,

మీ ఇల్లాలు రాయునది. ఇక్కడ నేనూ, పాపా, అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. ఆ సొరంగం తవ్వే పనిలో మీరూ మీ తోటివాళ్లూ కూడా కులాసాగా ఉన్నారనే ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. పాపకి కింది పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వెయ్యడం నేర్చుకుంది. "ఆడపిల్లకి ఈలేమిటే" అని అత్తయ్య కసురుతారు, మళ్లీ కాసేపటికి తనే "ఏదీ, ఇంకోసారి వెయ్యి" అంటారు. వంటింటి కుళాయి నేనే విప్పి వాషరు మార్చాను, ఇప్పుడు కారడం లేదు. కళ్లద్దాల దుకాణంలో పని ఎప్పటిలాగే ఉంది. దూరపు అక్షరాలు కనిపించకపోయినా కనిపిస్తున్నాయని బుకాయించే పెద్దమనుషులతో వేగుతున్నాను.

మీ గత ఉత్తరంలో రెండు సంగతులు అడిగారు. మీ క్యాంపు వంటాయన పెళ్లికి మీరంతా వెళ్తున్నారనీ, అక్కడ ఎవరి దగ్గరో కొన్న కెమెరా పట్టుకెళ్తాననీ, ఎలా తీస్తే బాగా వస్తాయో చెప్పమనీ ముద్దుగా అడిగారు. రెండోది ముద్దుగా అడగలేదు. "బాబాయి దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పు. మా నాన్న పోయాక మమ్మల్ని పెంచిన మనిషి ఆయన. కారణాలు నాకు రాయకు, ముందు ఆ పని చెయ్యి" అని హుకుం జారీ చేశారు. కారణాలు రాయొద్దన్నా రాస్తున్నాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అయి కూర్చుంది మరి.

బాబాయిగారు మీకు రాసింది అబద్ధం కాదు. మీరు రాలేకపోయిన మీ చెల్లెలి పెళ్లిలో, నలుగురూ చూస్తుండగా, ఆయన కెమెరా మీద చెయ్యి పెట్టాను. తియ్యమంటే తియ్యను అన్నాను. అయితే అంతకుముందు ఏం జరిగిందో ఆయన రాసి ఉండరు.

పెళ్లికి వారం ముందు మీ పిచ్చుక మా దుకాణానికి వచ్చింది. పెళ్లికూతురయ్యాక కూడా దాన్ని పిచ్చుక అనే పిలుస్తున్నామని దానికి కినుకే, కానీ ఆ పేరు పెట్టింది మీరే కదా. కళ్లు పరీక్ష చేసే కుర్చీలో ఎక్కి కూర్చుని, "వదినా, నా పెళ్లిలో ఒక్క ఫ్లాష్ కూడా వెలగకూడదు. నువ్వు చూసుకోవాలి" అంది. ఎందుకని అడిగాను. చెప్పింది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుని మరీ చెప్పింది. ఆ మాట ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంలోనే మీకు చెబుతాను. ముందు జరిగింది వినండి.

శుభలేఖ కింద ఒక వాక్యం వేయించాం, మీకూ ఒకటి పంపాను, చూసే ఉంటారు: "దయచేసి ఫ్లాష్ వాడకండి, మాకు హాల్లో దీపాలే చాలు" అని. పెళ్లివాళ్లు మాట్లాడుకున్న ఫొటోగ్రాఫరమ్మాయిని కూడా ముందే వెళ్లి కలిశాను. నేనూ సరదాకి తీసేదాన్నే కదా, కెమెరా తెచ్చుకుందామనే ఉంది. పిచ్చుకని అడిగితే తెచ్చుకోమంది. ఈ అమ్మాయిని కూడా అడగడం మర్యాద అనిపించింది. "మీ పనికి అడ్డం రాకుండా నేను ఎక్కడ నిలబడకూడదో చెప్పండి" అన్నాను. ఆ అమ్మాయి తాగుతున్న టీ పొలమారి, దగ్గి, నవ్వింది.

"ఎక్కడ నిలబడితే బాగా వస్తుందని అడిగినవాళ్లున్నారు గానీ, ఎక్కడ నిలబడకూడదని అడిగింది మీరొక్కరే అక్కా" అంది.

తర్వాత వివరంగా చెప్పింది. నడవ మధ్యలోకి రావద్దు. ఉంగరాలు మార్చుకునేటప్పుడూ, రిజిస్టరులో సంతకాలప్పుడూ కెమెరా ఎత్తొద్దు, అవి రెండోసారి జరగవు, ఎవరి మోచెయ్యి అడ్డొచ్చినా అంతే సంగతులు. గుంపు ఫొటో కోసం తను అందర్నీ నిలబెడుతుంటే తన భుజం వెనకనుంచి తియ్యొద్దు, సగంమంది అటూ సగంమంది ఇటూ చూసి, ఏ ఫొటోలో చూసినా దిక్కులు చూస్తున్న జనమే ఉంటారు. "ఫ్లాష్ వద్దన్నారని తెలుసు కదా" అని నేను గుర్తుచేస్తే, "పెళ్లికూతురు వద్దంది, అంతేగా" అంది. ఎందుకని అడగలేదు. చీకట్లో తీసే లెన్సు వేరే ఉందంట, అది తెచ్చుకుంటానంది. ఆ "అంతేగా" నాకు చాలా నచ్చింది.

ఇక పెళ్లిరోజు. మన లెన్సు బాబాయి రెండు కెమెరాలు మెడలో వేసుకుని, చంకలో మడత స్టూలు పెట్టుకుని దిగారు. కెమెరాకి పైన పెద్ద ఫ్లాష్! అందరికంటే ముందు ఆయనతోనే మాట్లాడాల్సింది, ఆయన కార్డు చదివి అర్థం చేసుకుంటారులే అనుకున్నాను. కెమెరా ఎలా పట్టుకోవాలో, గాజు ఎలా తుడవాలో నాకు నేర్పిన మనిషి ఆయన. ఆయనకి నేను చెప్పడమేమిటనే మొహమాటం.

పిచ్చుక హాల్లోకి అడుగుపెట్టగానే మొదటి ఫ్లాష్ వెలిగింది. పిచ్చుక తడబడింది. పెళ్లికొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చూసినవాళ్లు సిగ్గనుకున్నారు. నేను వరసలు దాటుకుని వెళ్లి ఆయన చెవిలో అన్నాను.

"మామయ్యా, ఫ్లాష్ వద్దని కార్డులో వేశారు."

"అది సెల్‌ఫోన్లు పట్టుకుని ఎగబడే వాళ్లకమ్మా. నాక్కాదు."

"అందరికీనండీ. పిచ్చుకే వేయించింది."

"దానికేం తెలుసు? ఈ లైటింగులో మొహాలు గుమ్మడిపళ్లలా వస్తాయి. రేపు అదే ఏడుస్తుంది. నువ్వెళ్లి కూర్చో, నాకు పని చెడుతోంది."

కూర్చోలేదు, అక్కడే గోడవారన నిలబడ్డాను. ఆయన స్టూలు తీసుకెళ్లి సరిగ్గా నడవ మధ్యలో వేసి ఎక్కారు. ఫొటోగ్రాఫరమ్మాయి వెనకనుంచి "సార్, కొంచెం పక్కకి" అంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ తీస్తున్నా" అన్నారు. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుంది, ఆయన కాళ్ల సందులోంచి తియ్యడానికి. నాకు నవ్వొచ్చేదే, ఇంకెప్పుడైనా అయితే.

అప్పుడు ఆయన కెమెరా మీద ఏదో మీట నొక్కారు. ఏం చేశారో నాకు తెలిసిపోయింది. కళ్లు ఎర్రగా పడకుండా ఉండటానికి, అసలు ఫ్లాష్‌కి ముందు చిన్న వెలుగు టపటపా వరసగా కొడుతుంది చూడండి, అది పెట్టారు. పిచ్చుక నన్ను ప్రత్యేకంగా హెచ్చరించింది సరిగ్గా దాని గురించే. ఉంగరం పెట్టె తెరుచుకుంది. ఆయన కెమెరా కంటికి ఆనించారు.

నేను వెళ్లి స్టూలు ముందు నిలబడి, చెయ్యి చాచి ఫ్లాష్ మీద అరచెయ్యి పూర్తిగా ఆనించాను. ఆయన అప్పటికే నొక్కేశారు. వెలుగంతా నా చేతిలోనే టపటపలాడింది. అరచేతికి వెచ్చగా తగిలింది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను మామయ్యా. దిగండి."

"అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసండీ. దిగండి."

హాలంతా మా వైపే చూస్తోంది. అత్తయ్య మొహం పాలిపోయింది. పిచ్చుక ఒక్కసారి నా కళ్లలోకి చూసి, తలతిప్పి, చెయ్యి చాచి ఉంగరం తొడిగించుకుంది. ఆయన దిగారు. స్టూలు మడిచి, కెమెరాలు సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ పలక్కుండా వెళ్లిపోయారు. భోజనం కూడా చెయ్యలేదు. ఆ తర్వాత నేను కెమెరా బయటికి తియ్యలేదు. "ఇన్నేసి ఫొటోలు తీసేదానివి, నాలుగే పంపావేం" అని కూడా రాశారు మీరు. అదీ అందుకే. ఆ నాలుగూ దాన్ని ముస్తాబు చేస్తున్నప్పుడు తీసినవి, అది చూసి సరే అన్నాకే మీకు పంపాను.

ఇక దాచిన మాట. చదివి గాబరా పడకండి. మీ చెల్లికి రెండేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. మొదటిసారి కాలేజీ ల్యాబులో, చెడిపోయిన ట్యూబులైటు మినుకుమినుకుమంటుంటే కిందపడింది. అప్పుడు దాని తల నేలకి తగలకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రాడే ఇవాళ దాని మొగుడు. డాక్టరు మందులిచ్చాడు, పనిచేస్తున్నాయి. నిరుడు చివర్లో వచ్చిందే ఆఖరుది. ఒకటీ అరా వెలుగుకి భయం లేదట, వరసగా కొట్టే వెలుగే దానికి పడదట. అత్తయ్యకి చెబితే మంచం పడతారని దాచింది. మీకు చెబితే సొరంగం వదిలేసి పరిగెత్తుకొస్తారని దాచింది. పెళ్లిరోజు అందరి ముందూ పడిపోతానేమో, ఆ బొమ్మే జనం కళ్లలో మిగిలిపోతుందేమోనన్నదే దాని భయం. "నా పెళ్లి నేను నిలబడి చేసుకోవాలి వదినా" అంది. ఆ మాట విన్నాక నేను ఇంకెవరి మర్యాదా చూడదలుచుకోలేదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు పిచ్చుక మనింట్లోనే ఉంది. నా మొహం చూసి విషయం రాబట్టింది. "నా మూలంగా నువ్వు మాటలు పడక్కర్లేదు. అన్నయ్యకి నువ్వు రాసెయ్యి. బాబాయికి నేనే చెబుతాను, పద" అని లేచింది. అది, దాని మొగుడు, నేను, ముగ్గురం వెళ్లాం.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని లెన్సులు తుడుచుకుంటున్నారు. నన్ను చూడనట్టే ఉన్నారు. పిచ్చుక ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది, చెదరకుండా, కన్నీళ్లు లేకుండా. ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"రెండేళ్లా? నాకు చెప్పకుండా రెండేళ్లా?" అన్నారు. గుడ్డ కింద పెట్టి, "ఒక్క మాట చెబితే ఆ ఫ్లాష్ పీకి పారేసేవాణ్ని కదే!" అన్నారు.

నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"చెప్పింది మామయ్యా. కార్డులో చెప్పింది. హాల్లో నేనూ చెప్పాను."

"కారణం చెప్పారా?" అన్నారు, నా వైపు చూడకుండానే.

"వద్దంటే కారణం కావాలా అండీ? దానికి జబ్బే లేదనుకోండి. ఊరికే ఇష్టంలేక వద్దందనుకోండి. అప్పుడు వెలిగించొచ్చా? పెళ్లి వాళ్లది. మనం పిలిస్తే వెళ్లినవాళ్లం."

కొత్తల్లుడు ఏదో సర్దిచెప్పబోయాడు. "నువ్వుండు బాబూ" అని ఆయనే ఆపారు. పిచ్చుక వైపు వేలు చూపించారు.

"దీన్ని పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచీ తీశాను. మొదటి అడుగు తీశాను, బడికి పోనని గుమ్మం పట్టుకుని ఏడిస్తే తీశాను. పెళ్లికూతురుగా మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు."

పిచ్చుక, "ఇప్పుడు తీస్తావా బాబాయ్?" అంది.

"నువ్వు తియ్యమంటే."

ఇద్దర్నీ కిటికీ పక్కన నిలబెట్టారు. ఫ్లాష్ ఊడదీసి బీరువాలో పెట్టి వచ్చారు. "ఈ వెలుగు నీ కంటికి ఇబ్బందిగా లేదు కదా?" అని అడిగారు. లేదంది. ఒకటి తీశారు. వెనక్కి తిప్పి చూసుకుని పెదవి విరిచి, "కదిలింది, ఇంకొకటి" అన్నారు.

"చాలు బాబాయ్" అంది పిచ్చుక.

ఆయన వేలు మీట మీదే ఉంది. దాని మొహం చూశారు. కెమెరా దించి బల్ల మీద పెట్టారు.

నాతో మాత్రం ఇంకా మాటల్లేవు. వచ్చేస్తుంటే పిచ్చుకతో, "మీ వదినకి చెప్పు, మెట్టు విరిగింది, చూసి దిగమని" అన్నారు. అంతవరకే.

అందుచేత, క్షమాపణ చెప్పను. నలుగురిలో ఆయన తల దించుకోవాల్సి వచ్చినందుకు నాకు బాధే, ముందుగా ఇంటికెళ్లి మాట్లాడి ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో. ఆ మాట ఆయనతోనే అంటాను. కానీ చెయ్యి పెట్టినందుకు కాదు, రేపు మళ్లీ అదే జరిగితే మళ్లీ పెడతాను. ప్రతి ఆదివారం పాపని తీసుకుని ఆయనింటికి వెళ్తాను. మాట్లాడితే మాట్లాడతారు, లేకపోతే నేనే మాట్లాడతాను. ఆయన మౌనం ఎన్నాళ్లుంటుందో నేనూ చూస్తాను.

మీరు చెయ్యాల్సినవి కూడా ఉన్నాయి. పని వదిలేసి పరిగెత్తుకురాకండి. అత్తయ్యకి రాయకండి, పిచ్చుక తనే చెబుతానంది. దానికి ఉత్తరం రాయండి, జాలి పడకుండా, ఎప్పటిలా ఏడిపిస్తూ రాయండి. ఇక ఆ కెమెరా సంగతి: పెళ్లికి ముందే వంటాయన్నీ, ఆ పెళ్లికూతుర్నీ ఇద్దర్నీ విడివిడిగా అడగండి, తియ్యనా అని. ఇద్దరిలో ఎవరు నసిగినా కెమెరా సంచిలోనే ఉంచి, శుభ్రంగా తిని, ఆశీర్వదించి రండి. తియ్యమంటే ఉంగరాల వేళకి మాత్రం మీ చేతులు ఖాళీగా ఉండాలి, చప్పట్లు కొట్టే మనుషులు కూడా కావాలి కదా పెళ్లికి.

మీ క్యాంపుకి టపా తెచ్చే సామాన్ల బండి కదిలేలోగా ఇది పోస్టులో పడాలి. ఒంటిని జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
కోప్పడినా సరే, అన్న మాట వెనక్కి తీసుకోని
మీ ఇల్లాలు