అక్కా, నీ పాట నేనే ఎత్తాను

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. యలహంక చర్చిలో నీ జ్ఞాపకార్థం, నువ్వు ఎప్పుడూ ఎత్తే పాటే పాడదామని పాటల లీడరు శామ్యూల్‌ను వారం ముందే అడిగాను. అతను వచ్చాక చాపల మీద కూర్చునే ఆడవాళ్ళు ఎవరూ పాట ఎత్తకూడదు. అంతా అతని కీబోర్డు వెనకే పాడాలి.

"ఆ సాగదీసే పాటలు వద్దు పెద్దమ్మా. తెర మీద చూసి పాడు, లేకుంటే నోరు మూసుకుని సుమ్నే కూసో," అన్నాడు అందరి ముందూ.

తెర మీది అక్షరాలు నేను కూడబలుక్కునేలోపు చరణం అయిపోతుంది. నేనే ఎత్తితే? గొంతు రాకపోతే? మధ్యలో మరిచిపోతే? వారమంతా అన్నం సయించలేదు.

నిన్న ప్రార్థన అయ్యాక, అతను కీబోర్డు మీద చెయ్యి పెట్టకముందే కళ్ళు మూసుకుని ఎత్తేశాను. రెండో మాటకు ఆడవాళ్ళంతా అందుకున్నారు.

"నిలపండమ్మా! శ్రుతి యాడుండాది?" అని అరిచాడు.

"నువ్వు ఎతుక్కో నాయనా, మేం పాడతా ఉంటాం," అంది పక్కనున్న మరియమ్మ.

రెండో చరణం నిజంగానే మరిచిపోయాను అక్కా. నువ్వుంటే అందించేదానివి. మొదటి చరణమే మళ్ళీ ఎత్తాను. అందరూ, రెండో చరణం తెలిసి కూడా, నాతో అదే మళ్ళీ పాడారు.

నీ చెల్లెలు