నాలుగు పక్కగళ్ల సగటు

అక్కా, వాదన సగంలో వదిలేసి చచ్చిపోయావు, అది అన్యాయం. విద్యుత్ క్షేత్రాన్ని సాఫ్ట్‌వేరే గీసి చూపిస్తుంటే, పిల్లలచేత గళ్ల కాగితం నింపించడం చాదస్తమన్నాను. ప్రతి ఖాళీ గడిలోని వోల్టేజీ దాని నాలుగు పక్కగళ్ల సగటేనని, అది చేత్తో వేస్తేనే తెలుస్తుందని నువ్వన్నావు. నీ క్లాసు ఎత్తేయమని సిఫారసు రాసింది నేనే.

ఈరోజు తనిఖీకని తెరిచిన ల్యాబులో తెర మీద రంగుల బొమ్మ చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. నీ దగ్గర చదివిన కినత్తుకడవు ఊరి పిల్ల మాత్రం తమిళం కలిసిన మన ఇంటి మాటలో అడిగింది.

"చుట్టూ నాలుగూ పదికి లోపలే ఉండాయి, నడుమది ముప్పై ఎట్లా సార్? తప్పు దానే?"

తప్పే. కరెంటు తీగ ఉన్న గడికి ఇవ్వాల్సిన ముప్పైని పొరపాటున ఖాళీ గడిలో వేశాను.

రేపు ప్రిన్సిపాల్‌ను అడిగేవి ఇవి:

గళ్ల కాగితం క్లాసు ఉండాలి.
ల్యాబు తనిఖీల రోజునే కాదు, రోజూ తెరవాలి.
ఇంటి మాటలో అడిగితే ఎవరూ నవ్వకూడదు.
నా సిఫారసు చించెయ్యాలి.