కంబి కోసిన బండి

చిరంజీవి చిత్రకు అత్త వెంకటమ్మాళ్ దీవించి రాసేది. అలవాటు కొద్దీ సౌభాగ్యవతి అని రాసి, కొట్టేశాను. మరక పడింది, ఏమనుకోకు. ఇక్కడ సూలూరులో మేమంతా క్షేమం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మదురైలో నువ్వూ బిడ్డా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

బిడ్డ నవ్వితే వాళ్ల నాన్నలాగే బుగ్గన సొట్ట పడుతోందని రాశావు. పడనీ. నా శబరి పోలిక ఎక్కడో ఒకచోట మిగలాలి కదా.

ఇంటికి ఎప్పుడు రమ్మంటారని అడిగావు. రావద్దు. శబరి పదహారో నాటి కర్మలో నీ చినమామ శంకరన్ అందరి ముందూ అన్న మాట నీ చెవిన పడే ఉంటుంది. "ట్రాక్టర్లోంచి దూకింటే బతికిండును. పెల్ట్ కట్టుకో, పెల్ట్ కట్టుకో అని ఆ పిల్లే వాణ్ణి సీటుకు కట్టేసింది." అందరూ నా మొహం చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు నిజమే. కానీ అది కాదని మాత్రం అనలేదు.

ఆ రోజు బెల్టు కట్టుకున్నాడా అని కూడా అడిగావు. కట్టుకున్నాడు. నువ్వు పురిటికి వెళ్లినప్పటి నుంచి రోజూ పొద్దున బెల్టు పెట్టుకుని నీకు ఫోటో పంపేవాడు కదా, ఆ రోజూ పంపాడు. ఫోటోలో నడుము నుంచి మొహం దాకానే పడుతుంది. వెనక కంబి లేదని నీకెలా తెలుస్తుంది?

కొత్త ట్రాక్టరుకు సీటు వెనక నిలువెత్తు ఇనప కంబి ఉండేది. బండి బోల్తా పడితే మనిషి మీదికి రాకుండా ఆపుతుందట. దాంతో బండి పాత కొట్టం గుమ్మంలో పట్టలేదు. పైరాయి తీసి గుమ్మం ఎత్తు చేద్దామన్నాడు శబరి. ఆ రాయి మీద మా మామగారి పేరుంది. నేనుండగా దాని మీద ఉలి పడనివ్వనన్నాను. వాడు అవినాశి వెళ్లిన రోజు వెల్డింగు ఆరోగ్యసామిని పిలిపించి కంబి కోయించాను. శబరి వచ్చి చూసి, "ఏమ్మా, నన్నొక మాట అడగరాదా?" అన్నాడు, అంతే. నాకు ఎదురు చెప్పడం వాడికి ఎప్పుడు వచ్చు గనక! కడుపుతో ఉన్న పిల్ల బెంగపడుతుంది, చిత్రకు చెప్పొద్దన్నాను.

ఇక నేను దాచిన మాట. కోసేముందు ఆరోగ్యసామి అన్నాడు: "కంబి తీసేస్తే పెల్ట్ కట్టుకోకూడదు అమ్మణీ. బండి బోర్లా పడితే దూకేదానికి వుండాల. కట్టుకోని వుంటే సీటుతోనే నలిగిపోతాడు."

విన్నాను. శబరికి చెప్పలేదు. చెబితే కంబి మళ్లీ అతికించమంటాడు, రాయి తీయమంటాడు. కాలవ గట్టు మీద చక్రం జారినప్పుడు బండి నిదానంగానే ఒరిగిందని, కలుపు తీస్తూ చూసిన కన్నమ్మాళ్ చెప్పింది. దూకే వ్యవధి ఉందట. వాడు నడుము దగ్గర బెల్టు విప్పుకుంటూనే ఉన్నాడట.

నా కొడుకును నేనే చంపుకున్నాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే ముద్ద దిగడం లేదు. నీకు చెప్పాను, ఇక దిగుతుంది.

ఈ ఉత్తరం పట్టుకుని మనవాళ్ల దగ్గరికి వెళ్తావేమో. వెళ్లు. అందరూ తెలుగు మాట్లాడతారే గానీ, చదవడం నీకూ నాకూ తప్ప ఎవరికీ రాదు. నువ్వు చదివితే నమ్మరు. చదివి చెప్పమని నా దగ్గరికే తెస్తారు. కళ్లజోడు పెట్టుకుని, నీకు రాసిన దీవెనలు చదువుతాను.

ఇట్లు,
నీ బిడ్డకు నాయనమ్మ,
వెంకటమ్మాళ్