అన్నయ్య ఆటో ఖాళీగా వెళ్ళింది

మే 14, బుధవారం

ఇవాళ ముసునూరు నుంచి అన్నయ్య ఆటో మాట్లాడుకుని నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. మామిడి చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయినప్పటి నుంచి, నాలాంటి వాళ్ళను చూసుకునే ఈ హోమ్‌లోనే ఉంటున్నాను.

"తమ్ముణ్ణి వదిలేశాడని ఊళ్ళో నన్ను అంటున్నార్రా. బయల్దేరు" అన్నాడు.

ఈ హోమ్ పెట్టినప్పుడు మొదట చేరిన ఏసుపాదం గారు పక్క మంచం మీంచి అందుకున్నారు. "నాకు నడుం పడిపోయినప్పుడు ఇలాంటి హోమ్‌లు లేవు బాబూ. మావాళ్ళు నన్ను ప్రాణంగానే చూశారు. కానీ పొద్దున్నే పొలానికెళ్తే సాయంత్రమే రావడం. పక్కకి తిప్పే మనిషి లేక ఒళ్ళంతా పుండ్లు పడి, చావు దాకా వెళ్ళొచ్చాను."

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "మేం చూసుకోలేమనా?" అని నన్నే అడిగాడు.

"చూసుకుంటావన్నయ్యా. కానీ ఇక్కడ బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలున్నాయి, నా స్నానం నేనే చేస్తాను. అక్కడ బాత్రూంకి కూడా వదిన్ని పిలవాలి. నేను రాను" అన్నాను.

అన్నయ్య ఖాళీ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇందాక ఫోన్ చేస్తే వదిన ఎత్తింది. "మీ అన్నయ్య అన్నం ముట్టలేదు. నీ వీల్‌చైర్ ఎక్కాలని నిన్ననే వాకిట్లో మెట్లు కొట్టించి, వాలుగా సిమెంటు చేయించారు. దానిమీదే కూర్చున్నారు" అంది.

ఆదివారం భోజనానికి వస్తానని చెప్పాలని ఉంది. వెళ్తే మళ్ళీ ఇక్కడికి రానిస్తాడో లేదో...