జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు

బంగారు అక్కకి,

రెండు నెలలుగా ఉత్తరం లేదని అలిగి ఉంటావు. అలుగు, తప్పులేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని వెక్కిరించేదానివి కదా, ఐదు వారాలుగా ఒక మాటను నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను. బావకు కూడా చెప్పకు.

నా పని నీకు తెలిసిందే. మా సంస్థ వేరే దేశాల ఆస్పత్రులకీ బడులకీ విరాళాలు పంపుతుంది. పంపేముందు అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ, పుట్టిన తేదీ నిషేధ జాబితాతో సరిచూడాలి. ఉగ్రవాదుల చేతికి ఆ డబ్బు పోకూడదని చట్టం. మంచి చట్టమే, కాదనను. పేరొక్కటే కలిస్తే ఫరవాలేదు. పేరూ తేదీ రెండూ కలిస్తే ఫైలు ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో అవతలివాళ్ళకి చెప్పకూడదు. చెబితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా పెడతారు.

సరిహద్దు అవతల, శరణార్థుల శిబిరం పక్కన ఒక పురుళ్ళ ఆస్పత్రి ఉంది. నాలుగు గదులు, ఒక ఆంబులెన్సు. నడిపేది ఒక మంత్రసాని. ఆంబులెన్సు డ్రైవరు పేరు జాబితాలో ఎవరి పేరుతోనో కలిసింది. తేదీ కూడా కలిసింది. జనవరి ఒకటి, సంవత్సరం కూడా అదే.

ఆ తేదీ వేయించింది నేనే అక్కా. దరఖాస్తు నింపేటప్పుడు ఆవిడ ఫోన్ చేసి, "మా డ్రైవరు ఏ రోజు పుట్టాడో వాడికే తెలీదమ్మా, ఏం రాయమంటారు?" అంది. "దానికేముందండీ, జనవరి ఒకటి వేసెయ్యండి. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదు" అన్నాను. శిబిరాల్లో గుమాస్తాలు కూడా తేదీ తెలియనివాళ్ళందరికీ అదే వేస్తారు. జాబితాలో ఉన్నవాడికీ ఏ గుమాస్తానో అలాగే వేసి ఉంటాడు.

ఆవిడ రోజూ ఫోన్ చేస్తుంది. "మావైపు ఏదైనా పొరపాటుంటే చెప్పండమ్మా, దిద్దుకుంటాం. మందులు అయిపోయాయి. ఆంబులెన్సుకి డీజిల్ లేదు. నిన్న ఒకామెని ట్రాక్టరు మీద పట్నం పంపాం, దారిలోనే బిడ్డ పోయింది" అంది. నేను "చూస్తున్నామండీ" అన్నాను. ఫోన్ పెట్టేసి డబ్బా విప్పి అన్నం తిన్నాను. మొత్తం తిన్నాను. ఏడుపు రావాలి కదా, రావడం లేదు.

తేదీ నాదని ఒప్పుకుంటే ఉద్యోగం ఊడుతుంది. మీ మరిది ఖాళీగా ఉండబట్టి ఏడాదయింది. అందుకని నోరు మూసుకోవాలని నిశ్చయించుకున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు.

నీ చెల్లెలు

*

అక్కకి,

నాలుగు పేజీల తిట్లు అందాయి. అంత కాగితం దండగ, ఆఖరి వాక్యం ఒక్కటి చాలేది. "ఇంకో బిడ్డ పోతే అప్పుడూ డబ్బా విప్పుతావా?" అని రాశావు.

అయినా ఒప్పుకోవడానికి నోరు రాలేదు. కారణం చెప్పకుండా రుజువు అడగొచ్చు కాబట్టి, ముందు డ్రైవరు పుట్టిన తేదీకి రుజువు పంపమని మంత్రసానికి రాశాను. ఆవిడ ఎక్కడెక్కడో వెతికింది. ఆవిడ తల్లి కూడా మంత్రసానేనట. ఆ పెద్దావిడ తాను పోసిన పురుళ్ళన్నీ ఒక పుస్తకంలో రాసుకునేదట. అందులో ఒక పేజీ ఫొటో తీసి పంపింది. డ్రైవరు తల్లి పేరు కింద ఇలా ఉంది: "ఆగస్టు పంతొమ్మిది. మగపిల్లాడు. కాళ్ళు ముందొచ్చాయి. ఇద్దరూ క్షేమం."

గండం గడిచిందనుకుని మా ఆఫీసు పెద్దాయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మొదట ఒక తేదీ, ఫైలు ఆగాక ఇంకో తేదీ. ఎవరు నమ్ముతారమ్మా? ఇదివరకు అనుమానమే, ఇప్పుడు ఖాయమైపోయింది" అన్నాడు. అబద్ధం రాసినన్నాళ్ళూ ఎవరూ అడగలేదక్కా, నిజం పంపితే దొంగలయ్యారు.

అప్పుడు చెప్పేశాను. "మొదటి తేదీ నేను వేయించానండీ." ఆయన కాగితం నావైపు తోసి "రాసివ్వు" అన్నాడు. రాసిచ్చాను. రెండుసార్లు చదివి, "వాళ్ళకొక్కరికేనా, ఇంకెవరికైనా ఇలా చెప్పావా?" అని అడిగాడు.

"వాళ్ళకొక్కరికేనండీ."

కాదక్కా. ఆరేళ్ళలో ముప్పై ఒక్క చోట్ల చెప్పాను. ఆ మాట అని ఉంటే అన్ని ఫైళ్ళూ ఆ సాయంత్రమే ఆగేవి, ఈ ఆస్పత్రిది కూడా.

ఫైలు కదిలింది. ఆస్పత్రికి డీజిల్ చేరింది. "మీ చేతి చలవమ్మా, పొద్దున కవలలు పుట్టారు" అని ఆవిడ ఫోన్ చేసింది. సంతోషంగా ఉందని నేనూ అన్నాను. నాకు వారం గడువిచ్చి ఉద్యోగం తీసేశారు.

నిన్న ఆఖరి రోజు. నా చోటికి వచ్చినావిడ యాభై దాటిన మనిషి, పనిమంతురాలు. ఫైళ్ళు అప్పజెబుతుంటే ఒక్కొక్కటే తిరగేసి, "ఇదేంటండీ, ఇంతమంది జనవరి ఒకటినే పుట్టారు?" అంది.

నేను తర్వాతి ఫైలు అందించాను.

"నాకిలాంటివి గిట్టవు. రేపే అందరికీ ఉత్తరాలు రాస్తాను, అసలు తేదీలు రుజువుతో పంపమని" అంది.

వాళ్ళంతా మంచివాళ్ళక్కా. వెతికి వెతికి నిజమే పంపుతారు. నేను బీరువా తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను.

నీ చెల్లెలు