అకార్డియన్‌లో రెండో మైకు

బావగారికి,

మీ అకార్డియన్‌కు ఏ మైకు సరిపోతుందో తేలింది. మీటల పక్కన ఒక రకం, గాలితిత్తి పక్కన ఇంకో రకం బిగించి, రికార్డరు కూడా లోపలే పెట్టి, వారం రోజులు ఇంట్లో వాయించి చూడమన్నాను. చప్పుడు వినపడితే రికార్డరు దానంతటదే మొదలవుతుందని కూడా చెప్పాను. మీరు మరిచిపోయినట్టున్నారు.

నిన్న మీరు తెచ్చిచ్చాక విప్పి విన్నాను. మొదటి మైకులో మీటల టకటకలే ఎక్కువ. రెండోది గదంతా పట్టింది. మంగళవారం సాయంత్రం మీరు పాట మధ్యలో ఆపి అకార్డియన్‌ను కింద పెట్టారు. తర్వాత బెల్టు దెబ్బలు పదకొండు.

“చేతుల మీద వద్దండీ, రేపు కుట్టుపనికి వెళ్ళాలి,” అంది అక్క.

“అయితే వీపు తిప్పు,” అన్నారు మీరు.

ఆ వెంటనే తల గోడకు కొట్టుకున్న చప్పుడు. కాసేపటికి మళ్ళీ పాట, ఆపిన చోటి నుంచే.

మెట్ల మీద జారిపడ్డానని అక్క నాతో చెప్పింది. మీ వాటాకు మెట్లే లేవని నాకు అప్పుడే తట్టాల్సింది.

అక్కను ఆసుపత్రిలో చేర్చాను, పక్కనే ఉన్నాను. అకార్డియన్ కోసం నా కొట్టుకు రాకండి, పోలీసు స్టేషన్‌లో ఇచ్చాను. రెండో మైకు వినమని వాళ్ళకు చెప్పాను. అందులో మీ గొంతు స్పష్టంగా ఉంది.

మీ బావమరిది