చింతపండుతోని తోమిన రైలు డబ్బా

ఏమయ్యా, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ పాత బొమ్మరైలుకు తక్కువైన మూడో డబ్బా నిన్న గద్వాల పాతసామాన్ల దుకాణంల దొరికింది. తిరగేసి చూస్తే కింద గదే కంపెనీ ముద్ర ఉండె, నువ్వు భూతద్దం పెట్టి ఎతికే ముద్ర.

నీ పటం ముంగట పెడ్దామని, దేవుని గిన్నెలు తోమినట్టు చింతపండు, పీచు పెట్టి తోమిన. రంగు పోయింది, ముద్ర పోయింది. ఉత్త రేకు మిగిలింది.

"పాతదాన్ని కడగకే, ఆ మురికిలనే దాని ఊరూ పేరూ ఉంటయి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నవు! నేనే ఇనలే.

నువ్వు పోయినంక నీ అంగీలన్నీ గూడ గిట్లనే ఉతికి ఆరేసిన. ఒక్కటన్న ఉతకకుంట దాసుకోవాలని తెల్వకపాయె.